సెమాంటిక్ వెబ్ అంటే ఆన్‌లైన్ షాపుకి చుక్కల రేటింగులేనా, ఇంకేమన్నా ఉందా?

కేటలాగ్_కూలీ:

అందరికీ నమస్తే. నేనొక ఆన్‌లైన్ స్టోర్‌లో కేటలాగ్ చూస్తుంటా. ప్రింటర్లు, వాటి కాట్రిడ్జ్‌లు, ఛార్జర్లు, కేబుళ్లు, ల్యాప్‌టాప్ బ్యాటరీలు, ఈ టైపు సరుకు. పదకొండు వేల పైచిలుకు ఐటమ్స్, టీమ్‌లో ముగ్గురం, అందులో కోడ్ రాసేవాడు ఒక్కడే, మిగతా ఇద్దరం ఎక్సెల్ షీట్లతో కాపురం చేస్తున్నాం. మొన్న మా మేనేజర్ ఎక్కడో ఏదో టాక్ విని వచ్చి "మనం కూడా సెమాంటిక్ వెబ్‌కి వెళ్లిపోవాలి" అన్నాడు. వెళ్లడానికి అదేమన్నా పక్కూరా అని అడగలేక తలూపి వచ్చేశా.

అప్పట్నుంచి చదువుతున్నా, చదివేకొద్దీ అయోమయం. ఒకచోట ఆర్‌డీఎఫ్ అంటారు, ఇంకోచోట ఆంటాలజీ, స్పార్కల్, ట్రిపుల్ స్టోర్ అంటారు, వేరేచోట అబ్బే ఇవేం అక్కర్లేదు స్కీమా డాట్ ఆర్గ్ ట్యాగులు పేజీలో పెడితే అదే సెమాంటిక్ వెబ్ అంటారు. ఆ ట్యాగులైతే మా సైట్‌లో ప్లగిన్ ఎప్పట్నుంచో పెడుతోంది, గూగుల్‌లో చుక్కలు, ధర కనపడుతున్నాయి కూడా. అంతేనా? దానికేనా ఇంత హడావుడి?

నా అసలు బాధలు వేరే. మాకు రిటర్న్ వచ్చే కాట్రిడ్జ్‌ల్లో ఎక్కువ భాగం పాడైపోయినవి కావు, వాళ్ల ప్రింటర్‌కి సరిపడనివి కొనుక్కుని వెనక్కి పంపేవే. ఇంకోటి, ఒకే బ్యాటరీని ముగ్గురు సప్లయర్లు మూడు పేర్లతో పంపుతారు, మా సైట్‌లో అది మూడు వేర్వేరు ప్రొడక్టులుగా కూర్చుంటుంది, ఒకదానికి రివ్యూలుంటాయి, ఇంకోదానికి స్టాకుంటుంది, మూడోదానికి ఫోటో ఉంటుంది. ఇక మా సెర్చ్ బాక్స్‌లో "ఇంక్" అని కొడితే సగం కాట్రిడ్జ్‌లు రావు, ఎందుకంటే టైటిల్లో ఇంక్ అనే మాట లేదు.

వీటికి సెమాంటిక్ వెబ్ ఏమన్నా పనికొస్తుందా? లేక అది ఎప్పుడో చచ్చిపోయిన టెక్నాలజీనా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి, తిట్టినా పర్లేదు.

సర్వర్_రూమ్:

చచ్చిపోయింది బ్రో. 2001 మే నెల సైంటిఫిక్ అమెరికన్‌లో టిమ్ బెర్నర్స్-లీ ఇంకో ఇద్దరితో కలిసి వ్యాసం రాశాడు, మన తరఫున ఏజెంట్లు వెబ్ అంతా తిరిగి అపాయింట్‌మెంట్లు అవే కుదిర్చేస్తాయని. ఎన్నేళ్లయింది? వెబ్ మొత్తం ఒకే అర్థాల భాషలో మాట్లాడటం అనేది ఆరంభ శూరత్వమే. షాపులవాళ్లకి తమ డేటా పక్కషాపు వాడికి అర్థమయ్యేలా పెట్టాలని సరదా ఏముంటుంది, ధర పోల్చుకుని వాడి దగ్గరికి పోతారు కస్టమర్లు. ప్లగిన్ ఉంది కదా, దాన్ని కదిలించకుండా వదిలేయ్, మేనేజర్‌కి "వెళ్లిపోయాం సార్" అని చెప్పెయ్.

పాత_గ్రాఫు:

పై ఆయన చెప్పిన దాంట్లో సగం నిజం ఉంది, మిగతా సగం గురించి కాస్త పొడుగ్గా రాస్తా, ఓపికుంటే చదవండి. నేను ఈ గోలలో చాలా ఏళ్లుగా ఉన్నా.

ముందు ఆ పేర్ల భయం పోగొట్టుకోండి. ఆర్‌డీఎఫ్ అంటే బడిలో చదివిన కర్త, కర్మ, క్రియ, అంతకంటే ఏం లేదు. "ఈ కాట్రిడ్జ్ - ఆ ప్రింటర్‌కి - సరిపోతుంది." ఇది ఒక ట్రిపుల్. తేడా ఏంటంటే "ఈ కాట్రిడ్జ్" అన్నచోట పేరు కాకుండా ఎవరు చూసినా అదొక్కటే వస్తువు అని తెలిసే ఒక అడ్రస్ రాస్తాం, "సరిపోతుంది" అన్న మాటకి కూడా ఒక అడ్రస్ ఉంటుంది, దాని అర్థం ఏంటో అక్కడ రాసుంటుంది. ఆంటాలజీ అంటే ఆ మాటల పట్టిక, ఏ మాట దేనికి వాడాలి, దేనికి వాడకూడదు అని. స్పార్కల్ అంటే ఆ వాక్యాలని ప్రశ్నలడిగే భాష, 2008లో డబ్ల్యూత్రీసీ (వెబ్ ప్రమాణాలు ఖరారు చేసే సంస్థ) స్టాండర్డ్ అయింది. ఆర్‌డీఎఫ్ అయితే 1999 నుంచే ఉంది.

ఇప్పుడు రిటైల్ సంగతి. దీన్ని అందరికంటే పట్టుదలగా పట్టుకున్నాయన మార్టిన్ హెప్ అనే జర్మన్ ప్రొఫెసర్. 2008లో గుడ్‌రిలేషన్స్ అని ఈ-కామర్స్ కోసమే ఒక ఆంటాలజీ చేశాడు. అందులో నాకు బాగా నచ్చేది ఒక్క విషయం, అది అర్థమైతే మీ సగం తలనొప్పి తీరుతుంది: వస్తువు వేరు, బేరం వేరు. బ్యాటరీ ఒక వస్తువు. దాన్ని ఫలానా షాపు, ఫలానా ధరకి, ఫలానా తేదీ దాకా, ఫలానా షరతుల మీద ఇస్తానంటోంది, అది బేరం, ఆయన లెక్కలో ఆఫర్. అమ్ముతాను అనే కాదు, అద్దెకిస్తాను, బాగుచేస్తాను, నీ దగ్గర పాతది కొంటాను, ఇవన్నీ బేరాలే, అన్నిటికీ ఆ ఆంటాలజీలో చోటుంది. మళ్లీ వస్తువులో కూడా మోడల్ వేరు, స్టాకులో పేరులేకుండా పడున్న యాభై పెట్టెలు వేరు, సీరియల్ నంబరున్న ఆ ఒక్క వాడేసిన ల్యాప్‌టాప్ వేరు.

మీ కేటలాగ్‌లో జరిగిన తప్పు ఇదే. మీరు ముగ్గురు సప్లయర్ల మూడు బేరాలని మూడు వస్తువులుగా ఎక్కించారు. వస్తువు ఒక్కటే, దాని కింద బేరాలు మూడు. రివ్యూలు, ఫోటో, బరువు, వోల్టేజి వస్తువుకి చెందుతాయి. ధర, స్టాకు, డెలివరీ, రిటర్న్ రూలు బేరానికి చెందుతాయి. మీ షీటులో ఏ కాలమ్ దేనికి చెందుతుందో రంగు పెన్నుతో గుర్తుపెట్టి చూడండి, ఒక్క సాయంత్రం పని.

చచ్చిపోయింది అన్న మాటకొస్తే. అది చావలేదు, పేరు మార్చుకుని చిన్న ఉద్యోగంలో చేరింది. 2008లో యాహూ సెర్చ్‌మంకీ అని పెట్టింది, పేజీలో ఉన్న అర్థాల డేటాని సెర్చ్ ఫలితాల్లో చూపించడానికి. 2009లో గూగుల్ రిచ్ స్నిపెట్స్ మొదలెట్టింది, ఫలితం కింద చుక్కలు, ధర లాంటివి చూపించడం. అదే టైముకి బెస్ట్ బై వాళ్లు తమ పేజీల్లో గుడ్‌రిలేషన్స్ వాడారు. 2011 జూన్‌లో గూగుల్, మైక్రోసాఫ్ట్, యాహూ మూడూ కలిసి స్కీమా డాట్ ఆర్గ్ పెట్టాయి, పేజీలో ఏది ఏంటో మెషిన్‌కి చెప్పే ఉమ్మడి మాటల పట్టిక అది, కొన్నాళ్లకి రష్యా సెర్చ్ ఇంజన్ యాండెక్స్ వచ్చి చేరింది. 2012లో గుడ్‌రిలేషన్స్ మొత్తాన్ని అందులో కలిపేశారు. అంటే మీ ప్లగిన్ ప్రతి పేజీలో రాస్తున్న "ప్రొడక్ట్", "ఆఫర్" అనే ఆ రెండు మాటల వెనక ఆ ప్రొఫెసర్ గారి వస్తువు-బేరం లెక్కే ఉంది. ఆ రాసే పద్ధతి జేసన్-ఎల్‌డీ, 2014లో స్టాండర్డ్ అయింది, అది కూడా ఆర్‌డీఎఫ్‌యే, కాకపోతే డెవలపర్లు పారిపోకుండా జేసన్ (వాళ్లు రోజూ వాడే డేటా ఫార్మాట్) చొక్కా తొడిగారు.

సెమాంటిక్ వెబ్‌లో వెబ్ అనే భాగం అందరూ అనుకున్నట్టు రాలేదు, ఒప్పుకుంటా. సెమాంటిక్ అనే భాగం మాత్రం షాపుల లోపలికి వెళ్లి కూర్చుంది. ఇప్పుడు దాన్ని నాలెడ్జ్ గ్రాఫ్ (వస్తువులు, వాటి మధ్య సంబంధాలు కలిపి అల్లిన వల) అంటున్నారు, 2012లో గూగుల్ ఆ పేరు పెట్టాక ఆ మాట పాకిపోయింది. అమెజాన్ వాళ్లు ప్రొడక్ట్ గ్రాఫ్ ఆటోమేటిగ్గా కట్టుకునే ఆటోనో అనే సిస్టమ్ గురించి 2020లో పేపర్ రాశారు, అదే ఏడాది అలీబాబా వాళ్లు అలీకోకో అని ఇంకోటి, అందులో వస్తువులే కాదు, కొనేవాడి అవసరాన్ని కూడా ఒక నోడ్‌గా పెట్టారు. పక్కషాపు వాడికి అర్థం కావడం కోసం ఎవరూ చెయ్యట్లేదు, తమ సరుకు తమకే అర్థం కావట్లేదు కాబట్టి చేస్తున్నారు.

సర్వర్_రూమ్:

"జేసన్ చొక్కా" బాగుంది 😀 సరే ఒప్పుకుంటా. కానీ ముగ్గురున్న టీముకి అమెజాన్ కథలు చెప్పి భయపెట్టకండి. పదకొండు వేల ఐటమ్స్‌కి ట్రిపుల్ స్టోర్, అంటే ట్రిపుల్స్ దాచడానికే ప్రత్యేకంగా ఒక డేటాబేస్, పెట్టడం అంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.

పాత_గ్రాఫు:

ట్రిపుల్ స్టోర్ పెట్టమని నేనెక్కడన్నా? ఉన్న డేటాబేస్‌లో ఇంకో రెండు టేబుళ్లు చాలు వాళ్లకి.

కేటలాగ్_కూలీ:

వస్తువు వేరు బేరం వేరు అన్నది చదివి కాసేపు కుర్చీలో వెనక్కి వాలిపోయా అండి. మేం రివ్యూలు బేరానికి కట్టేశాం! సప్లయర్ సరుకు ఆపేస్తే ఆ పేజీ తీసేస్తాం, దాంతోపాటు రివ్యూలు కూడా పోతాయి. ఎన్ని పోయాయో ఇప్పుడు తలుచుకుంటే కడుపు తరుక్కుపోతోంది.

సరే, మరి మూడూ ఒకటే అని మెషిన్‌కి ఎలా తెలుస్తుంది? పేర్లు చూసి నేను చెప్పగలను కానీ పదకొండు వేలు కూర్చుని చూడలేను కదా.

బార్‌కోడ్_బాధితుడు:

ఇది నా ఏరియా. జీటిన్ అండి, అంటే బార్‌కోడ్ కింద ఉండే నంబరు. 8, 12, 13 లేదా 14 అంకెలు. 1974 జూన్‌లో అమెరికాలో ఒక సూపర్‌మార్కెట్‌లో మొదటిసారి స్కాన్ చేసినప్పట్నుంచి రిటైల్ మొత్తం దాని మీదే నడుస్తోంది, అర్థాల వెబ్ గురించి ఎవరూ కలగనకముందే వస్తువుకి ఒక అంతర్జాతీయ అడ్రస్ ఇచ్చేసినవాళ్లు వాళ్లు. జీఎస్‌వన్ అనే సంస్థ చూసుకుంటుంది. పుస్తకాల ఐఎస్‌బీఎన్ 13 అంకెలది కూడా ఇందులో భాగమే. మూడు సప్లయర్ల షీట్లలో జీటిన్ ఒకటే అయితే వస్తువు ఒకటే, పేరు ఏదైనా రాసుకోనీ.

వినడానికి ఇంత సులువు, ఇక బాధలు వినండి. ఎక్సెల్ మీ శత్రువు. 13 అంకెల నంబరు మామూలు సెల్‌లో పడితే దాన్ని ఈ ప్లస్ 12 అని కుదించి చూపిస్తుంది, అలాగే సీఎస్‌వీగా సేవ్ చేస్తే వెనక అంకెలన్నీ గంగలో కలిసినట్టే. 12 అంకెల కోడ్ సున్నాతో మొదలైతే ఆ సున్నా మింగేస్తుంది. ఆ కాలమ్‌ని టెక్స్ట్ అని పెట్టకుండా షీటు ముట్టుకోవద్దు, మీ సప్లయర్లు ముట్టుకుని ఉంటారు, అది వేరే సంగతి.

తర్వాత, చివరి అంకె చెక్ డిజిట్. దాన్ని పక్కనపెట్టి, మిగతా అంకెల్ని కుడి నుంచి ఎడమకి మూడుతో ఒకదాన్ని ఒకటితో ఒకదాన్ని గుణించుకుంటూ వెళ్లి కూడితే, ఆ మొత్తాన్ని తర్వాతి పది గుణిజానికి చేర్చడానికి ఎంత కావాలో అదే చెక్ డిజిట్. నాలుగు లైన్ల కోడ్. మా దగ్గర మొదటిసారి ఇది నడిపినప్పుడు ఎర్రగా వచ్చిన వరసలు చూసి మా వాడు స్క్రిప్టులో బగ్ ఉందనుకున్నాడు. బగ్ లేదు, ఎవరో ఖాళీ వదలకూడదని నంబర్లు కల్పించి కొట్టారు. ఇంకోటి, 13 అంకెల్లో మొదటి అంకె 2 అయితే అది షాపు లోపల వాడుకోవడానికి ఇచ్చే రేంజి, ప్రపంచం మొత్తానికి చెల్లే నంబరు కాదు, దాన్ని బట్టి రెండు వస్తువులు ఒకటే అనుకుంటే అంతే సంగతులు.

జీటిన్ లేకపోతే బ్రాండు, దానితో పాటు తయారీదారు పార్ట్ నంబరు, రెండూ కలిపి చూడండి. పార్ట్ నంబరు ఒక్కటే చూడొద్దు.

సర్వర్_రూమ్:

ఇక్కడో మాట. ఒకటే అని తేలినవాటిని "సేమ్ యాజ్" అని కలిపేసేటప్పుడు జాగ్రత్త. ఓడబ్ల్యూఎల్‌లో (ఆంటాలజీలు రాసే భాష) సేమ్ యాజ్ అంటే మామూలు మాట కాదు, ఎ అంటే బి, బి అంటే సి అయితే ఎ అంటే సి కూడా అయిపోతుంది, ఒకదాని గుణాలన్నీ ఇంకోదానికి అంటుకుంటాయి. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక చోట సింగిల్ కాట్రిడ్జ్‌నీ, రెండింటి ప్యాక్‌నీ ఎవరో సేమ్ అన్నారు. ప్యాక్‌ని ఇంకెవరో నాలుగు రంగుల సెట్‌తో సేమ్ అన్నారు. పొద్దున వచ్చేసరికి నల్ల కాట్రిడ్జ్ ఒకటి నాలుగు రంగుల్లో దొరుకుతోంది మా సైట్‌లో. ప్యాక్ వేరే వస్తువు, దానికి వేరే జీటిన్ ఉంటుంది. చచ్చిపోయిన టెక్నాలజీ అన్నా కదా, దయ్యమై పట్టిన అనుభవంతోనే అన్నా.

పాత_గ్రాఫు:

ఇదిగో, అసలు విషయం బయటపడింది 😀

నిజమే. ఇంకో ఇలాంటి ఉచ్చు కూడా ఉంది, ఓడబ్ల్యూఎల్ నమ్ముకుని దిగినవాళ్లు అందరూ ఒకసారైనా పడతారు. అందులో చెప్పకపోతే లేనట్టు కాదు. ఒక బ్యాటరీకి వోల్టేజి రాయలేదనుకోండి, తప్పు అని అరవదు, ఎక్కడో ఉండే ఉంటుంది మనకి ఇంకా తెలీదు అని ఊరుకుంటుంది. ప్రపంచం మొత్తం మీద ఉన్న వెబ్‌కి అది సబబే, ఎవరికీ మొత్తం తెలీదు కాబట్టి. కేటలాగ్‌కి అది పనికిరాదు, మనకి కావలసింది "ఏయ్, వోల్టేజి ఏదీ?" అని గద్దించే మనిషి. ఆ పనికి షాకల్ అని 2017లో వేరే స్టాండర్డ్ తెచ్చారు. మీ స్థాయికి డేటాబేస్‌లో ఖాళీ ఉంచకూడదు అన్న రూలు పెట్టుకున్నా అదే పని జరుగుతుంది.

ఇక మీ రిటర్న్‌ల గోల. అది నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం, దానికే మీరు ఎక్కువ టైము పెట్టాలి. ఏ కాట్రిడ్జ్ ఏ ప్రింటర్‌కి అన్నది ఇప్పుడు మీ దగ్గర ఎక్కడుంది? పందెం కాస్తా, వివరణలో వాక్యంగా ఉంటుంది. "ఈ ఈ మోడళ్లకు అనుకూలం" అని కామాలు పెట్టి. మనిషి చదవగలడు, చదవడు. దాన్ని విడదీసి ఒక్కో జతకి ఒక్కో రో కింద పెట్టండి. స్కీమా డాట్ ఆర్గ్‌లో దీనికి మాటలు కూడా ఉన్నాయి, "ఈజ్ కన్స్యూమబుల్ ఫర్" అని ఒకటి, "ఈజ్ యాక్సెసరీ ఆర్ స్పేర్ పార్ట్ ఫర్" అని ఇంకోటి, రెండూ గుడ్‌రిలేషన్స్ పుట్టింటి నుంచి వచ్చినవే. కాట్రిడ్జ్ అయిపోయేది కాబట్టి మొదటిది, బ్యాటరీకి రెండోది. గూగుల్ చుక్కలు చూపించడానికి ఇవి అడగదు, అందుకే ప్లగిన్లు వీటి జోలికి పోవు. కానీ ఆ జతల టేబుల్ ఉంటే మీ సైట్‌లో "మీ ప్రింటర్ ఏది?" అని ముందే అడగొచ్చు, సరిపడనిది బుట్టలో వేస్తే అక్కడే ఆపొచ్చు, ప్రింటర్ కొన్నవాడికి కొన్నాళ్ల తర్వాత సరైన కాట్రిడ్జే చూపించొచ్చు. "ఇది కొన్నవాళ్లు అదీ కొన్నారు" అనే లెక్కతో ఇది రాదు, ఎందుకంటే తప్పు కొన్నవాళ్లు కూడా ఆ లెక్కలో ఉంటారు.

ఒక్క జాగ్రత్త, ఈ సంబంధం మోడల్‌కి మోడల్‌కి మధ్య రాయాలి, బేరాలకి మధ్య కాదు. అప్పుడే సప్లయర్ మారినా అది చెక్కుచెదరదు.

సెర్చ్‌బాక్స్_సేవకుడు:

ఇంక్ అని కొడితే రావట్లేదు అన్నారు కదా, ఆ ఒక్కదానికి చెప్తా. స్కోస్ అని ఒకటుంది, 2009లో వచ్చింది, లైబ్రరీల పదకోశాల కోసం పుట్టింది, షాపులకి అచ్చంగా సరిపోతుంది. ఒక్కో కాన్సెప్ట్‌కి ఒక అసలు పేరు, ఎన్ని కావాలంటే అన్ని మారుపేర్లు, దానికంటే పెద్దది ఏది, చిన్నది ఏది, సంబంధం ఉన్నది ఏది, అంతే. ఏ భాషకి ఆ భాషలో పేరు పెట్టుకోవచ్చు. ఇంక్ కాట్రిడ్జ్ కాన్సెప్ట్‌కి ఇంక్, ఇంకు, సిరా, కాట్రిడ్జ్, తప్పు స్పెల్లింగులు అన్నీ మారుపేర్లుగా పెట్టండి. టోనర్ వేరే కాన్సెప్ట్, దాన్ని మారుపేరు చెయ్యొద్దు, జనం కలిపి మాట్లాడతారు నిజమే కానీ అది పొడి, ఇది ద్రవం, లేజర్ ప్రింటర్‌లో ఇంక్ పోసుకున్నవాడు మిమ్మల్నే తిడతాడు. రెండింటినీ సంబంధం ఉన్నవి అని మాత్రం కట్టండి, కస్టమర్ ఇంక్ అని వెతికితే పక్కన "టోనర్ కావాలా?" అని అడగడానికి పనికొస్తుంది.

ఏ మాటలు పెట్టాలో ఆలోచించి బుర్ర బద్దలుకొట్టుకోకండి, మీ సెర్చ్ లాగులో సున్నా ఫలితాలు వచ్చినవి తీయండి, ఎక్కువసార్లు కొట్టినవి పై నుంచి కిందకి. మొదటి రెండొందలు చూసేసరికి మీ కస్టమర్లు ఏ భాష మాట్లాడతారో మీకే తెలిసిపోతుంది. అది మన కేటలాగ్ భాష అస్సలు కాదు.

బార్‌కోడ్_బాధితుడు:

ప్లగిన్ గురించి కూడా ఒక్కసారి చూసుకోండి, "పెట్టి వదిలేయ్" అనే సలహా మాకు బాగా తగిలింది. మా సైట్ థీమ్ ఒక ప్రొడక్ట్ మార్కప్ (అదే, ఆ స్కీమా ట్యాగులు) రాస్తోంది, ప్లగిన్ ఇంకోటి రాస్తోంది, రెండూ ఒకే పేజీలో, ధరలు వేరు వేరు, ఎందుకంటే ఒకటి డిస్కౌంట్‌కి ముందుది ఒకటి తర్వాతది. పైగా పేజీ కాష్ అయిపోతుంది, అంటే దాచిన పాత కాపీయే వస్తుంది, మనిషికి కనపడే చోట "స్టాక్ లేదు" అని వస్తుంది, లోపల మార్కప్‌లో మాత్రం ఇన్‌స్టాక్ అనే ఉంటుంది. మనిషికి ఒకటి, మెషిన్‌కి ఒకటి చెప్తే అది అబద్ధం కింద లెక్క, మనం కావాలని చెప్పినా చెప్పకపోయినా. మా షాపింగ్ ఫీడ్‌లో ఐటమ్స్ వరసగా రిజెక్ట్ అవడం మొదలయ్యాక గానీ చూసుకోలేదు. జావాస్క్రిప్ట్‌తో తర్వాత తెచ్చి అంటించినా ఇలాంటి చిక్కులొస్తాయి, త్వరత్వరగా మారే ధర, స్టాకు లాంటివి సర్వర్ నుంచి వచ్చే పేజీలోనే ఉంటే మంచిదని గూగుల్ వాళ్లే రాశారు.

రివ్యూల దగ్గర అయితే ఇంకా ఒళ్లు దగ్గర పెట్టుకోండి. కొన్ని ప్లగిన్లు రివ్యూలే లేని ప్రొడక్టుకి కూడా ఐదు చుక్కలు రాసేస్తాయి. మసిపూసి మారేడుకాయ చేస్తే వాళ్లు చేత్తో చూసి రిచ్ రిజల్ట్ తీసేస్తారు. ర్యాంకు పోదు గానీ చుక్కలు పోతాయి. అన్నట్టు ఈ మార్కప్ వల్ల ర్యాంకు పెరుగుతుందని మీ మేనేజర్ అనుకుంటుంటే అది కూడా సరిచెయ్యండి, కనపడే తీరు మారుతుంది, వరసలో ముందుకి తోయదు.

కొత్త_బ్యాచ్:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, నాకొక డౌట్. ఇప్పుడు ఎల్‌ఎల్‌ఎంలు (చాట్‌బాట్ల వెనక ఉండే భాషా మోడళ్లు) పేజీ చదివి అర్థం చేసుకుంటున్నాయి కదా, ఈ ట్రిపుల్స్ టేబుల్స్ కష్టమంతా దేనికి? వివరణ మొత్తం దానికిచ్చి "ఇది ఈ ప్రింటర్‌కి సరిపోతుందా" అని అడిగితే చెప్పేస్తుందిగా.

పాత_గ్రాఫు:

చెప్పేస్తుంది, అదే భయం. ప్రింటర్ మోడళ్ల పేర్లు చూశారా, చివర ఒక్క అక్షరం తేడా, అది డబ్ల్యూ అయినా ఎన్ అయినా మనకి కూడా కళ్లు తిరుగుతాయి. మాటల పోలిక మీద నడిచే పద్ధతికి ఆ రెండూ కవలపిల్లలు, కాట్రిడ్జ్ లోపలి చిప్‌కి మాత్రం పరాయివాళ్లు. "దాదాపు సరిపోతుంది" అనే కాట్రిడ్జ్ ఉండదు, ఉంటే దాన్ని రిటర్న్ అంటారు.

కానీ పనికిరాదనను. కామాలతో ఉన్న ఆ వాక్యాల్ని జతలుగా విడదీయడానికి ఎల్‌ఎల్‌ఎం బ్రహ్మాండంగా పనికొస్తుంది. అది తీసిన జతల్లో రెండు వైపులా ఉన్న మోడల్ మీ కేటలాగ్‌లో నిజంగా ఉందా అని కోడ్‌తో చూడాలి, అనుమానం ఉన్నవి మనిషి చూడాలి, ఏ జత ఎక్కడ్నుంచి వచ్చిందో, సప్లయర్ షీటా, తయారీదారు సైటా, మెషిన్ ఊహా, పక్క కాలమ్‌లో రాసిపెట్టాలి. టేబుల్లోకి ఎక్కాక ఇక మెషిన్‌ని ఊహించమని అడగొద్దు, చూసి చెప్పమని అడగండి.

తమాషా ఏంటంటే 2001లో అన్న ఆ ఏజెంట్లు ఇప్పుడు నిజంగానే తలుపు తడుతున్నాయి, కస్టమర్ బదులు ఒక ప్రోగ్రామ్ వచ్చి మీ దగ్గర ఈ బ్యాటరీ ఉందా, రిటర్న్ ఎన్ని రోజులు, ఎప్పటికి వస్తుంది అని అడుగుతోంది. దానికి మీ బ్యానర్ ఫోటోలతో పని లేదు. స్కీమాలో రిటర్న్ పాలసీకి, షిప్పింగ్ వివరాలకి చోట్లున్నాయి, చాలా షాపులు ఖాళీగా వదిలేస్తాయి. రంగులు, సైజుల సంగతి కూడా అంతే, ప్రొడక్ట్ గ్రూప్ అని ఒకటుంది, ఏ ఏ గుణంలో తేడా ఉందో చెప్పి దాని కింద వేరియంట్లు పెట్టొచ్చు, 2024 నుంచి గూగుల్ కూడా దాన్ని చదువుతోంది. మీకు కేబుళ్ల పొడుగుల దగ్గర పనికొస్తుంది.

సర్వర్_రూమ్:

ఏజెంట్లు వస్తే వచ్చాయి గానీ, ఈయనకి ముందు చెయ్యాల్సిన పని వరస చెప్పండి ఎవరైనా, లేకపోతే మేనేజర్‌కి ఆంటాలజీ అని చెప్పి ఆర్నెల్లు బొమ్మలు గీస్తూ కూర్చుంటారు, నేను చూశా అలాంటివి, గోడ నిండా బాణాలు, సైట్‌లో మాత్రం మార్పు సున్నా.

పాత_గ్రాఫు:

నేనైతే జీటిన్‌లు శుభ్రం చేసి, వస్తువు-బేరం విడదీసి, కాట్రిడ్జ్ జతలు ఒక్క కేటగిరీకే పూర్తిగా చేసి రిటర్న్‌లు తగ్గాయా లేదా చూస్తా. తగ్గితే బ్యాటరీలకి వెళ్తా. మార్కప్ ఆఖర్న, లోపల సరిగ్గా ఉంటే బయటికి రాయడం ఒక రోజు పని. ఎవరితోనూ పంచుకోని కేటగిరీ పేర్లకి కొత్త ఆంటాలజీ కనిపెట్టొద్దు, గూగుల్ ప్రొడక్ట్ టాక్సానమీయో జీఎస్‌వన్ వాళ్ల జీపీసీయో, ఈ రెండు రెడీమేడ్ వర్గాల జాబితాల్లో ఏదో ఒకటి తీసుకుని దానికి మీ పేర్లు తగిలించండి.

కేటలాగ్_కూలీ:

అందరికీ చాలా థాంక్స్ అండి. నిన్నంతా కూర్చున్నా. చెక్ డిజిట్ స్క్రిప్టు మా వాడు రాసేశాడు, ఎన్ని తప్పో చెప్పను, పరువు పోతుంది. ఒక సప్లయర్ షీటులో మాత్రం వరసగా నలభై ఐటమ్స్‌కి ఒకటే జీటిన్, కిందకి లాగేసినట్టున్నారు.

కాట్రిడ్జ్ జతలు కూడా మొదలెట్టా. పాత_గ్రాఫు గారు పందెం గెలిచారు, అన్నీ వివరణలోనే కామాలతో ఉన్నాయి. కానీ ఒక చోట ఆగిపోయా. ఇదివరకు ఈ సీట్లో ఉన్నాయన ఒక నూటముప్పై రోలకి సరిపోయే మోడళ్ల కాలమ్‌లో "పైన రాసినవే" అని కొట్టాడు. ఆ తర్వాత ఎవరో ఆ షీటుని బ్రాండు పేరు మీద సార్ట్ చేశారు.

సర్వర్_రూమ్:

😂😂 పాత బ్యాకప్ ఏమన్నా ఉందా?

కేటలాగ్_కూలీ:

ఉంది. అది కూడా సార్ట్ చేశాకే తీశారు.

బార్‌కోడ్_బాధితుడు:

నూటముప్పైయే కదా. తయారీదారుల సైట్లు తెరుచుకుని చేత్తో కొట్టెయ్యండి, రెండ్రోజులు పడుతుంది. ఎక్కడ్నుంచి తీసుకున్నారో పక్క కాలమ్‌లో రాయడం మర్చిపోకండి, "పైన రాసినదే" అని మాత్రం రాయొద్దు.